పంకా తాడు అవతలి కొస

పొద్దుటి మంచు ఇంకా పూర్తిగా విడలేదు. జాక్సన్ నగరం దాటి గంట కావస్తోంది. మీ కారు నాచెజ్ ట్రేస్ పార్క్‌వే మీద నైరుతి దిక్కుగా పోతోంది. ఈ దారిలోకి లారీలను రానివ్వరు. హోర్డింగులు లేవు, పెట్రోలు బంకులు లేవు. గంటకు 50 మైళ్లు దాటి నడపకూడదు. టెన్నెసీలో నాష్‌విల్ దగ్గర మొదలై 444 మైళ్లు సాగి, మిసిసిపి నది ఒడ్డున నాచెజ్ అనే చిన్న ఊళ్లో ముగుస్తుంది ఈ రోడ్డు. ఆ ఊరి జనాభా పద్నాలుగు వేల పైచిలుకు.

నాచెజ్ వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెల్లటి స్తంభాల మేడలు చూడ్డానికి వస్తారు. 1932 నుంచి వసంతకాలంలో ఆ ఇళ్ల తలుపులు యాత్రికులకు తెరుస్తున్నారు. ఘేరు గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి స్వాగతం చెప్పడం, వెండి సామాన్లు, ఫ్రెంచి అద్దాలు చూపించడం అక్కడి ఆనవాయితీ. ఆ మేడలు మనమూ చూద్దాం. కాకపోతే ముందు నేల చూసి, ఆ తర్వాత మేడ ఎక్కుదాం. ఈ ఊరిని చూడ్డానికి సరైన వరుస అదేనని నా గట్టి నమ్మకం.

41.5 మైలు గుర్తు దగ్గర ఆపండి. కారు దిగి చెట్ల మధ్యకు నాలుగడుగులు వేయగానే కాలిబాట నేలలోకి దిగిపోతుంది. రెండు పక్కలా గట్లు మీ తల దాటి పైకి లేచాయి. గట్టు అంచున నిలబడ్డ చెట్ల వేళ్లు మన్ను జారిపోయి బయటపడ్డాయి. కొన్ని మీ తొడంత లావున్నాయి. గట్టును వేలి కొసతో ముట్టుకోండి. గోధుమరంగు మెత్తటి ధూళి అంటుకుంటుంది. దీన్ని లోయస్ అంటారు. మంచుయుగపు గాలులు మోసుకొచ్చి పోసిన మన్ను. తొక్కేకొద్దీ అరుగుతుంది, పక్కలు మాత్రం కూలకుండా నిటారుగా నిలబడతాయి. ఈ బాటను ఎవరూ పలుగుతో తవ్వలేదు. ఇంత లోతు దిగింది కాళ్ల కింద అరిగే.

ఎవరి కాళ్లు? మొదట జంతువులవి, వాటి వెనక వేటకు వచ్చిన నాచెజ్, చాక్టా, చికసా జాతులవి. తర్వాత ఒహాయో లోయ పడవవాళ్లవి. వాళ్లు ధాన్యం, పొగాకు, పంది మాంసం చదునైన పడవల్లో నింపుకుని ప్రవాహంతో పాటు కిందికి వచ్చేవారు. ఏటికి ఎదురెక్కడం ఆ పడవల తరం కాదు. అందుకని సరుకు అమ్మి, పడవను కలప కింద అమ్మి, డబ్బు నడుముకు కట్టుకుని ఈ దారిన ఇంటికి నడిచేవారు. నాష్‌విల్ చేరడానికి దాదాపు 35 రోజులు పట్టేది. వాళ్లు ఉత్తరానికి నడుస్తుంటే, ఎదురుగా దక్షిణానికి నడిచి వచ్చినవాళ్లు ఇంకొందరున్నారు. వాళ్ల చేతులకు సంకెళ్లు. వాళ్ల గురించి ఊళ్లోకి వెళ్లాక చూస్తాం. వాళ్లూ ఈ మన్నునే తొక్కారన్నది మాత్రం ఇక్కడే గుర్తుపెట్టుకోండి.

పోర్ట్ గిబ్సన్ మీదుగా కాస్త పక్కకు మళ్లితే విండ్సర్ శిథిలాలు. అడవిలో 23 స్తంభాలు, వాటిమీద కప్పు లేదు. పైన పోత ఇనుప పువ్వుల తలకట్టు, పెచ్చులూడిన చోట ఎర్ర ఇటుక. 1861లో ఇల్లు పూర్తయింది, కొన్ని వారాలకే యజమాని పోయాడు. అంతర్యుద్ధాన్ని తట్టుకుని నిలిచిన మేడ 1890లో ఎవరో అతిథి పారేసిన చుట్ట నిప్పుకు కాలిపోయింది. ఫొటోలకు ప్రసిద్ధం. ఒకటి తీసుకుని కదలండి.

10.3 మైలు గుర్తు దగ్గర ఎమరాల్డ్ దిబ్బ. మన పల్లెల్లో పాటిదిబ్బ ఎక్కిన కాళ్లకు ఈ ఎక్కుడు కొత్త కాదు. కింద నిలబడితే గడ్డి కప్పిన గుట్ట, అంతే. పైకి వెళ్లాక తెలుస్తుంది ఇది ఎంత పెద్ద పనో. దిబ్బ మొత్తం ఎనిమిదెకరాలు. 35 అడుగుల ఎత్తున, బల్లపరుపుగా ఒక మైదానం. దానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి మళ్లీ చిన్న దిబ్బలు. ఉన్న కొండను చెక్కి, పక్కల్లో బుట్టలతో మట్టి పోసి, 1250కీ 1600కీ నడుమ తరతరాలుగా దీన్ని తీర్చిదిద్దారు. అమెరికాలో ఈ కాలపు దిబ్బల్లో కహోకియాలోది మొదటిది, ఇది రెండోది. కట్టినవాళ్లు నాచెజ్ జాతి పూర్వీకులు. ఆ రెంటిలో పెద్దదాని మీదికి కూడా ఎక్కండి. చుట్టూ చెట్ల తలలు మీ పాదాలకు సమంగా కనిపిస్తాయి. కొలంబస్ పుట్టక ముందే ఇక్కడ నిలబడి జనాన్ని చూసిన పాలకుడికి కూడా ఇంత మేరా కనిపించి ఉండాలి.

ఊళ్లోకి వచ్చాక, సెయింట్ కేథరీన్ వాగు పక్కన నాచెజ్‌ల మహాగ్రామం ఉంది. మూడు దిబ్బలు, పొట్టి గడ్డి. ఒక దిబ్బ మీద 'మహాసూర్యుడు' అని పిలిచే ప్రభువు ఇల్లు ఉండేది, ఇంకోదాని మీద గుడి, గుడిలో ఆరనివ్వని నిప్పు. ప్రభువు తర్వాత పీఠం కొడుక్కి పోదు, అక్కచెల్లెళ్ల కొడుక్కి, అంటే మేనల్లుడికి. వంశం తల్లి వైపు నుంచే లెక్క. 1716లో ఫ్రెంచివాళ్లు నది ఒడ్డున రోజలీ కోట కట్టారు. మొదట చుట్టరికం, తర్వాత నేల కోసం పేచీ. ఒక ఫ్రెంచి అధికారి తన తోట కోసం ఊరు ఖాళీ చేయమన్నాడు. 1729 నవంబరులో నాచెజ్‌లు తిరగబడి రెండు వందల మందికి పైగా ఫ్రెంచివాళ్లను చంపారు. ఫ్రెంచి సైన్యం చాక్టాల సాయంతో ఎదురుదెబ్బ తీసింది. వందల మందిని మహాసూర్యుడితో సహా పట్టుకుని, కరీబియన్‌లోని సెయింట్ డొమింగ్ కాలనీకి బానిసలుగా అమ్మేసింది. మిగిలినవాళ్లు చికసా, క్రీక్, చెరొకీల్లో కలిశారు. నాచెజ్ పేరుతో ఊరుంది, ఆ ఊళ్లో నాచెజ్ జాతి లేదు. ఈ ఊరి చరిత్రలోని మనుషుల అమ్మకాల్లో ఈ నేలకు సొంతదారులు కూడా సరుకయ్యారు. ఆ సంగతి తెలుసుకుని ముందుకు వెళ్లాలి.

సెయింట్ కేథరీన్ వీధి చివర రోడ్లు చీలేచోటికి రండి. ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్. కార్లు ఆగకుండా పోతుంటాయి. చూడ్డానికి ఏముందని అడిగితే చెప్పడం కష్టం. పచ్చిక, సమాచార ఫలకాలు, కాంక్రీటులో పాతిన సంకెళ్లు. వంగి చూడండి. తుప్పు రంగు గొలుసు, మణికట్టుకు సరిపోయే కడియం. న్యూ ఆర్లీన్స్ తర్వాత ఈ దక్షిణ పత్తిసీమలో ఇదే అతి పెద్ద బానిసల సంత.

1808లో ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని అమెరికా నిషేధించింది. కానీ లోపలి వ్యాపారం ఆగలేదు. వర్జీనియా, మేరీలాండ్‌లలో పొగాకు నేలల సారం ఉడిగిపోయింది. ఇక్కడి నేలలో పత్తి బంగారమైంది. అక్కడ మిగులు, ఇక్కడ కొరత. అంతర్యుద్ధం నాటికి దాదాపు పది లక్షల మందిని ఇలా తూర్పు నుంచి దక్షిణానికి తరలించారని చరిత్రకారుల లెక్క. ఓడల్లో కొందరు వచ్చారు. సంకెళ్లతో బారులు కట్టి నెలల తరబడి నడిచి వచ్చినవాళ్లు పొద్దున మీరు నిలబడ్డ ఆ పల్లపు బాటనే వచ్చారు. 1833లో కలరా భయం రేగింది. ఒక పెద్ద వ్యాపారి చనిపోయిన బానిసల శవాలను గుట్టుగా పూడ్చిపెట్టించాడని తెలిసి ఊరు అల్లాడింది. వ్యాపారం మానమనలేదు, ఊరి పొలిమేర దాటించమని చట్టం చేశారు. అలా సంత ఇక్కడికొచ్చింది. ఇక్కడ వేలం పాట ఉండేది కాదు. కొత్త బట్టలు, టోపీలు తొడిగి మనుషులను వరుసగా నిలబెట్టేవారు. కొనేవాడు వచ్చి పళ్లు చూసి, వేళ్లు వంచి చూసి, వీపు మీద కొరడా చారలు వెతికి, బేరమాడి తీసుకుపోయేవాడు. తల్లి ఒకచోటికి, బిడ్డ ఒకచోటికి.

1863 జులైలో ఉత్తరాది యూనియన్ సేనలు ఊరిని పట్టుకున్నాయి. చుట్టుపక్కల తోటల నుంచి పారిపోయి వచ్చిన మనుషులు వేలల్లో సైన్యంలో చేరారు. ఆ నల్ల సైనికులే ఈ సంత దొడ్లను కూలగొట్టి, ఆ కలపతో తమ బారకాసులు కట్టుకున్నారు. ఆ తర్వాత ఈ జాగాను ఊరు దాదాపు మరిచిపోయింది. స్థానిక నల్లజాతి కార్యకర్తలు ఏళ్ల తరబడి పట్టుబట్టాక ఫలకాలు లేచాయి. 2021లో ఇది జాతీయ చారిత్రక పార్కులో భాగమైంది. మేడల తోటలకు దొరికిన శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి ఇంతకాలం దొరకలేదు. నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు మేడకు వెళ్దాం. మెల్‌రోజ్. 1840లలో మెక్‌మర్రన్ అనే లాయరు కట్టించుకున్న ఇల్లు. రెండంతస్తులు, ముందు నాలుగు భారీ స్తంభాలు, ఓక్‌ల నీడలో పెద్ద పచ్చిక. పార్క్ రేంజర్ వెంట లోపలికి నడుస్తారు. సోఫాలు, తెరలు, నేల మీద రంగుల గుడ్డ, అన్నీ ఆనాటివి చాలావరకు అలాగే ఉన్నాయి. వెనక వరండాలో పిలుపు గంటలు వేలాడుతుంటాయి. ఏ గదిలో తీగ లాగితే ఆ గంట మోగుతుంది. వాటి మోత తేడాను బట్టి ఎవరు ఎక్కడికి పరుగెత్తాలో పనివాళ్లకు తెలియాలి.

భోజనాల గదిలో ఆగండి. బల్ల మీద పింగాణీ, వెండి అమర్చి ఉంటుంది. చూపు పైకెత్తండి. కప్పు నుంచి బల్ల మీదికి దిగి, తలుపంత వెడల్పున చెక్కుడు పనితో ఒక చెక్క పలక వేలాడుతోంది. పంకా. మద్రాసు రాజధానిలో కలెక్టరు బంగళాల్లో, జిల్లా కోర్టుల్లో వేలాడిన పంకా ఏదో అదే. పలకకు కట్టిన తాడు కప్పు కింద నుంచి సాగి గది మూలకు పోతుంది. మన దగ్గర ఆ తాడు పట్టుకున్న కూలీని తరచుగా వరండాలో గోడ అవతల కూర్చోబెట్టేవారు. ఇక్కడ ఆ పిల్లవాడు మూలనే నిలబడేవాడు. అతిథులు తింటున్నంతసేపూ లాగాలి. గాలి తగలాలి, ఈగలు వాలకూడదు, కొవ్వొత్తి మాత్రం ఆరకూడదు. పత్తి ధర, ఎన్నికలు, ఎవర్ని అమ్మాలి, ఎవర్ని కొనాలి అన్న మాటలు ఆ బల్ల మీదే నడిచేవి. వాళ్ల లెక్కలో ఆ మూల ఉన్నది చెవులున్న మనిషి కాదు.

ఆ చెవులు ఏం చేశాయో చెప్పడానికి ఈ ఊళ్లోనే ఒక మనిషి ఉన్నాడు. జాన్ రాయ్ లించ్ నది అవతల లూసియానాలో 1847లో బానిసగా పుట్టాడు. పిల్లవాడిగా ఈ ఊళ్లోని డన్‌లీత్ మేడలో యజమానులు భోంచేస్తుంటే విసరడం అతని పని. యజమానురాలికి ఒకసారి ఎదురు జవాబు చెప్పినందుకు మేడ నుంచి తీసేసి పత్తి తోటకు పంపారు. యూనియన్ సైన్యం వచ్చాక స్వేచ్ఛ దొరికింది. ఊళ్లో ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. సందు అవతల తెల్లపిల్లల బడి. కిటికీలోంచి వినబడే పాఠాలే అతని చదువులో పెద్ద భాగం. 1872లో, పాతికేళ్లు కూడా నిండని వయసులో, మిసిసిపి శాసనసభ స్పీకరయ్యాడు. మరుసటి ఏడు అమెరికా కాంగ్రెసులో కూర్చున్నాడు. అంతకు ముందే, 1870లో, నాచెజ్ చర్చిలో ప్రబోధకుడిగా ఉన్న హైరమ్ రెవెల్స్ అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి సభ్యుడయ్యాడు. డన్‌లీత్ ఇప్పటికీ నిలబడే ఉంది. కారులో దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ స్తంభాలను కాదు, లోపల విసురుతున్న పిల్లవాణ్ని ఊహించండి.

లాంగ్‌వుడ్ ఇంకో సంగతి. ఎనిమిది మూలల మేడ, నెత్తిన ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటం. హాలర్ నట్ అనే పత్తి తోటల ఆసామి 1860లో మొదలుపెట్టాడు. ఫిలడెల్ఫియా నుంచి వాస్తుశిల్పి, పనివాళ్లు వచ్చారు. 1861లో యుద్ధం వచ్చేసరికి ఆ ఉత్తరాది పనివాళ్లు పనిముట్లు కింద పెట్టి వెళ్లిపోయారు. 32 గదుల్లో నేల కింది అంతస్తులోని తొమ్మిదే పూర్తయ్యాయి, అవీ బానిసల చేతులతో. పై అంతస్తులోకి మెట్లెక్కండి. గచ్చు లేని గోడలు, చట్రాల్లేని తలుపు ఖాళీలు, రంగు డబ్బాలు, పెట్టెలు, సుత్తులు. నడిమధ్య నిలబడి తలెత్తితే గుమ్మటం దాకా అంతా ఖాళీ చెక్కబద్దలే. నట్ 1864లో చనిపోయాడు. కుటుంబం ఆ కింది తొమ్మిది గదుల్లోనే తరాలపాటు బతికింది.

ఇక్కడ పత్తి ఆగినప్పుడు కుదుపు మనదాకా వచ్చింది. మిసిసిపి మూటలు రాక ఇంగ్లండు మిల్లులు ఆగిపోతే కొనుగోలుదారులు బొంబాయికి పరుగెత్తారు. 1861 నుంచి 1865 వరకు దక్కను నల్లరేగడిలో పత్తి ధర ఎగిసి, యుద్ధం ముగియగానే పడిపోయింది. అప్పుచేసి పత్తి వేసినవాళ్లు మునిగారు. అంతకు ఇరవయ్యేళ్ల ముందే, 1840లో, ఈస్టిండియా కంపెనీ ఈ దక్షిణ రాష్ట్రాల నుంచి పది మంది తోటల నిపుణులను భారతదేశానికి రప్పించింది. కోయంబత్తూరు వైపు వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఇక్కడి గింజ అక్కడ పెద్దగా కాపు పట్టలేదు. కొరడాతో పండించిన పంటను రైతు చేత పండించబోయారు మరి.

స్టేట్ వీధిలో ఇటుక ఇల్లొకటి చూసి పోదాం. విలియం జాన్సన్ 1809లో బానిసగా పుట్టి, 1820లో స్వేచ్ఛ పొంది, ఊళ్లో పేరున్న మంగలి అయ్యాడు. తెల్లవాళ్ల గడ్డాలు గీస్తూ విన్న కబుర్లు, గుర్రప్పందాలు, అప్పులు, కొట్లాటలు, వానలు 1835 నుంచి 1851 దాకా డైరీలో రాశాడు. అతనూ బానిసలను ఉంచుకున్నాడు. ఆ నిజాన్ని దాటవేయకూడదు. 1851లో పొలం గట్టు తగాదాలో అతన్ని కాల్చి చంపారు. చూసిన సాక్షులు నల్లవాళ్లు. నిందితుడు తాను తెల్లవాణ్నన్నాడు. తెల్లవాడి మీద నల్లవాడి సాక్ష్యం చట్టంలో చెల్లదు. హంతకుడనుకున్నవాడు ఇంటికి వెళ్లాడు. డైరీని కుటుంబం దాచింది, 1951లో అచ్చయింది.

సాయంత్రం గట్టు మీది పార్కుకు చేరండి. రెండు వందల అడుగుల కింద మిసిసిపి, అవతల లూసియానా. అక్టోబరు గనక అయితే అటు పొలాల్లో పత్తి తెల్లగా పగిలి ఉంటుంది. ఇక్కడ రిథమ్ నైట్ క్లబ్ ఫలకం ఉంది. 1940 ఏప్రిల్ 23 రాత్రి నల్లవాళ్ల డాన్సు హాలు కాలి 209 మంది చనిపోయారు. చికాగో నుంచి వచ్చిన వాద్యబృంద నాయకుడు వాల్టర్ బార్న్స్, అతని బృందంలో చాలామంది వాళ్లలో ఉన్నారు. కప్పుకు అలంకారంగా ఎండిన స్పానిష్ మాస్ కట్టారు, దోమలు రాకుండా మందు కొట్టారు. టికెట్ కొనకుండా ఎవరూ చూడకూడదని కిటికీలకు చెక్కలు కొట్టేశారు. తలుపు ఒకటే, అదీ లోపలికి తెరుచుకునేది.

ఇంకో రెండు వీధులు నడిస్తే సిటీ ఆడిటోరియం. పక్కనే నల్లరాతి మీద పేర్లు. అవి ఎవరివో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1890 రాజ్యాంగంతో మిసిసిపి నల్లవాళ్ల ఓటును పన్నులతో, పరీక్షలతో లాగేసుకుంది. లించ్ స్పీకరైన సభ తలుపులు దాదాపు మూడు తరాలు మూసుకుపోయాయి. 1965 ఆగస్టులో పౌరహక్కుల నాయకుడు జార్జ్ మెట్‌కాఫ్ కారులో బాంబు పేలింది. బతికి బయటపడ్డాడు. మెట్‌కాఫ్ పనిచేసిన టైర్ల ఫ్యాక్టరీలోనే పనిచేసిన వార్లెస్ట్ జాక్సన్, తెల్లవాళ్లకే ఇచ్చే ఉద్యోగం తనకు దక్కిన కొద్ది రోజులకు, 1967లో బాంబుకు బలయ్యాడు. ఎవరికీ శిక్ష పడలేదు. మెట్‌కాఫ్ మీద దాడి తర్వాత అక్టోబరులో జనం ఊరేగింపుగా కదిలితే వందల మందిని అరెస్టు చేశారు. జైలు చాలక ఈ ఆడిటోరియంలోకి తోలారు. పాటలు పాడే హాలు, నాటకాలాడే హాలు. ఇక్కడి నుంచి దాదాపు 150 మందిని బస్సుల్లో 200 మైళ్ల అవతల పార్చ్‌మన్ జైలుకు పంపారు. రాతి మీది పేర్లు వాళ్లవే. నేరం రుజువు కాని ఆడా మగా, కాలేజీ వయసు పిల్లలూ. బట్టలూడదీశారు, చలిగదుల్లో పడేశారు, బలవంతంగా విరేచనాల మందు తాగించారు.

తిరిగొచ్చాక వాళ్లు లొంగలేదు. తెల్లవాళ్ల దుకాణాల్లో కొనడం మానేశారు. మెయిన్ వీధి గల్లాపెట్టెలు ఖాళీ అయ్యాయి. డిసెంబరు మొదట్లో మున్సిపాలిటీ దిగొచ్చి ఒప్పందానికి వచ్చింది. నల్లవాళ్లను పోలీసుల్లో చేర్చుకోవాలి, ప్రజల వసతులు అందరికీ తెరవాలి. పట్టుపట్టి రాయించుకున్న షరతుల్లో ఇంకొకటి ఉంది. మున్సిపల్ ఉద్యోగులు ఇకనుంచి నల్లవాళ్లను 'ఒరే', 'పిల్లా' అన్న తీరున పిలవకూడదు. మిస్టర్ అనాలి, మిసెస్ అనాలి, మిస్ అనాలి.